టీవీలో చుక్కలు పెరిగితే మీ కంటికేం లాభం?

భిలాయి ఉక్కు నగరంలో పండుగ బోనస్ చేతికందే రోజులొస్తే చాలా ఇళ్లలో ఇదే చర్చ: కొత్త టీవీ కొంటే ఫుల్ హెచ్‌డీ కొనాలా, ఎక్కువ ధర పెట్టి ఫోర్‌కే కొనాలా? ఇంట్లో సైన్సు చదువుతున్నది మీరే గదా, లెక్క మీరే వేసి చెప్పండి!

టీవీ బొమ్మ చిన్న చిన్న చుక్కల కూర్పు. వీటినే పిక్సెళ్లంటారు. ఫుల్ హెచ్‌డీ తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. ఫోర్‌కే తెరపై 3840, 2160. అంటే మొత్తం మీద 4 రెట్లు.

మరి మన కన్ను వీటిని చూడగలదా? దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా గుర్తించే శక్తిని పృథక్కరణ సామర్థ్యం అంటారు. మామూలు చూపుకు దీని హద్దు సుమారు డిగ్రీలో 60వ వంతు. 1 మి.మీ. ఎడం 3.4 మీటర్ల దూరం నుంచి సరిగ్గా ఇంత కోణమే చేస్తుంది. భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలనే తీసుకోండి. బ్రాడ్‌గేజి మార్గంలో వాటి మధ్య ఎడం 1676 మి.మీ. లెక్క ప్రకారం 5.7 కి.మీ. దూరాన అవి కలిసిపోయినట్లే!

కావాలంటే పరీక్షించి చూడండి. తెల్లకాగితంపై 1 మి.మీ. మందంగల నల్లగీతలను 1 మి.మీ. ఎడంతో గీసి, గోడకు అతికించి వెనక్కు నడవండి. గీతలు కలిసి బూడిదరంగు పట్టీగా మారే దూరమే మీ కంటి హద్దు. కొందరికిది 3.4 మీటర్లకన్నా ఎక్కువే ఉండవచ్చు.

ఇక టీవీ సంగతి. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెం.మీ. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో చుక్క 0.5 మి.మీ. కనుక 1.7 మీటర్లు దాటితే చుక్కలు విడిగా కనిపించవు. ఫోర్‌కే చుక్క 0.25 మి.మీ. దాని సూక్ష్మత పూర్తిగా అందాలంటే 0.85 మీటర్ల దగ్గరకు జరగాలి. మీ కుర్చీ 2.5 మీటర్ల దూరంలో ఉంటే ఈ తేడా చాలామందికి తెలియదు. దుకాణంలో తెలిసిందంటే, అక్కడ తెరకు దగ్గరగా నిలబడ్డారన్నమాట. ఖరీదైన టీవీలో వెలుగు, రంగులు మెరుగ్గా ఉండవచ్చు. ఆ గొప్ప చుక్కలది కాదు.

వచ్చే ప్రసారం సంగతీ చూడాలి. పాత దూరదర్శన్ ప్రమాణంలో 625 గీతలు, అందులో బొమ్మను మోసేవి 576 మాత్రమే. అలాంటి రికార్డింగును ఫోర్‌కేలో చూసినా అసలు లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది? టీవీ ఊహించి ఖాళీలు పూరిస్తుంది, అంతే.

కంప్యూటర్ మానిటర్ సంగతి వేరు. దాని ముందు మనం 60 సెం.మీ. దూరంలోనే కూర్చుంటాం. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ చుక్క 0.28 మి.మీ. దాని హద్దు 95 సెం.మీ. కనుక చుక్కలు కంటికి దొరుకుతాయి. తెలుగు వత్తులు, గుడులు అలుక్కుపోయినట్లుండేది అందుకే. అక్కడ అదనపు చుక్కలకు పెట్టిన డబ్బు వృథా కాదు.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు టేపు తీసుకుని మీ గది కొలవండి. చుక్క సైజును మిల్లీమీటర్లలో 3.4తో గుణిస్తే హద్దు దూరం మీటర్లలో వస్తుంది. మీ కుర్చీ ఆ హద్దుకు అవతల ఉందా, ఇవతల ఉందా?