నేలకింది పడకగదికి రెండో దారి

పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడిన కుటుంబాలు మన సంఘాలలో చాలానే ఉన్నాయి. కోడలి పురుడుకనో, మనుమలను చూసుకోవడానికనో తల్లిదండ్రులు వెళ్లి నెలల తరబడి ఉండి వస్తుంటారు. అక్కడ చాలా ఇళ్లకు నేలకింద ఒక అంతస్తు ఉంటుంది. దానిని బేస్‌మెంట్ అంటారు. చప్పుడు ఉండదు, వేసవిలో చల్లగా ఉంటుంది గనుక పెద్దవాళ్లకు మర్యాదగా అక్కడే గది ఇస్తారు. చదువుకని వెళ్లిన కుర్రవాళ్లు అద్దె తక్కువని అటువంటి గదులలోనే చేరతారు. ఈ నెల మేము ఆ గది కిటికీని గురించి వ్రాయదలచాము.

కిటికీ అంటే మనకు గాలి, వెలుతురు. దొంగల భయంతో దానికి ఇనుప ఊచలు బిగించుకోవడం మన అలవాటు. అక్కడి కట్టడపు నియమాలలో పడకగది కిటికీకి మరో పని ఉంది. ఆపదలో మనిషి బయటపడే దారి అదే. బేస్‌మెంటుకు సాధారణంగా మెట్లు ఒకటే. పైన వంటింట్లో మంట లేచినా, క్రింద ఇంటిని వేడిచేసే ఫర్నేసు దగ్గర లేచినా ఆ మెట్లు పొగతో మూసుకుపోతాయి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని, పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వారికి ఉన్నదీ ఒక్క మెట్లదారే. అక్కడ మనుషులు పైన, మంట క్రింద. బేస్‌మెంటులో చాలాసార్లు అది తిరగబడుతుంది, అంతే తేడా.

అమెరికాలో చాలా రాష్ట్రాలు, నగరాలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం ఆ కిటికీ తెరిచినప్పుడు ఏర్పడే ఖాళీ 5.7 చదరపు అడుగులకు తగ్గరాదు. నేలమట్టానికి దగ్గరగా ఉన్నదానికి 5 చాలు. వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24. చాలామంది పొరపడేది ఇక్కడే. 20ని 24తో గుణించి చూడండి, మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు! వెడల్పు 20 అంగుళాలే అయితే 5.7 రావడానికి ఎత్తు 41 అంగుళాలు దాటాలి. కొలవవలసింది అద్దాన్నీ కాదు, చట్రాన్నీ కాదు. పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీని కొలవాలి. ప్రక్కకు జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది గనుక, తలుపులా తెరుచుకునే రకమే మేలని మా అభిప్రాయం. తాళంచెవి గాని, పనిముట్టు గాని లేకుండా అది లోపలినుంచి తెరుచుకోవాలి. ఊచలు పెట్టుకున్నా వాటికీ ఇదే నియమం. వీపున గాలి సిలిండరు మోస్తూ అగ్నిమాపక సిబ్బంది లోపలికి దూరవలసింది కూడా ఆ ఖాళీలోనుంచే.

కెనడా జాతీయ నియమావళి అడిగేది 0.35 చదరపు మీటర్ల ఖాళీ, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకు తగ్గకుండా. ఊరినిబట్టి సవరణలుంటాయి. స్థానిక కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

పాత ఇళ్ల బేస్‌మెంట్లలో కప్పుకు ఆనుకుని చిన్న కిటికీలే ఉంటాయి. దానిని పెద్దది చేయడమంటే పునాది గోడను కోయడమే. ముందు పర్మిట్ తీసుకోవాలి. అమెరికాలో గొయ్యి త్రవ్వే కొద్ది రోజుల ముందే 811కు ఫోను చేస్తే గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెడతారు. గోడ బయట త్రవ్వే గొయ్యి కనీసం 9 చదరపు అడుగులు, అటూ ఇటూ 36 అంగుళాలకు తగ్గకుండా ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెనో మెట్లో బిగించాలి. కోసిన ఖాళీపైన ఇంటి బరువు మోయడానికి లింటల్ వేయాలి. ఇది మన మేస్త్రీలకూ తెలిసిన సంగతే. అడుగున కంకర పోసి నీరు పోయే దారి పెట్టకపోతే మొదటి పెద్దవానకే ఆ గొయ్యి చేపల తొట్టి అవుతుంది. మొత్తం మీద కొన్ని వేల డాలర్ల ఖర్చు. అద్దెకిచ్చే మనవాళ్లలో కొందరు వెనుకాడేది అందుకే. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలనీ, లేకుంటే పడినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుందనీ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉంది. గది అద్దెకిచ్చేవారు ఆ వచనాన్ని ఒకసారి తీసి చూడాలి.

కిటికీ పెట్టించిన తరువాత కూడా దాని ముందు సూట్‌కేసులు పేర్చరాదు. మన ఇళ్లలో అవి తక్కువేమీ కాదు! చలికాలంలో గోతిలో పడిన మంచును తీసివేస్తూ ఉండాలి. గోతికి మూత వేసినా లోపలినుంచి చేత్తో నెడితే లేచేలా ఉండాలి. పడకగదిలో పొగను పసిగట్టి మ్రోగే అలారం తప్పనిసరి. పొగ నిండాక లేస్తే ఏ కిటికీ అయినా కనబడదు.

కిటికీ గుమ్మం నేలనుంచి 44 అంగుళాలవరకు ఉండవచ్చునని నియమం. అది దాదాపు మూడు అడుగుల ఎనిమిది అంగుళాలు. నియమం ఒప్పుకున్నా అమ్మగారి మోకాళ్లు ఒప్పుకోవాలి గదా! గోడను కోయించేటప్పుడే గుమ్మం ఇంకా క్రిందికి పెట్టమనండి, క్రింద ఒక గట్టి బల్ల బిగించండి. పెద్దవాళ్లు వెళ్లిన మొదటి వారంలోనే ఒక పగటిపూట వారిచేత కిటికీ తీయించి, నిచ్చెన ఎక్కించి చూడండి. చీర కుచ్చెళ్లు ఎక్కడ చిక్కుకుంటాయో, గడియ ఎంత గట్టిగా ఉందో అప్పుడు గాని తెలియదు. ఎక్కలేకపోతే వారి మంచం పై అంతస్తులోకి మార్చండి. కుర్రవాళ్లు క్రింద పడుకుంటారు.