తాళం కన్నా చిట్టా భద్రం!

నాణేలు పోగేయడం ఒక ఎత్తు. వాటిని దొంగలపాలు కాకుండా చూసుకోవడం మరో ఎత్తు. ఒకవేళ పోయినా తిరిగి దొరికేలా జాగ్రత్తపడటం... చాలామంది మరచిపోయే మూడో ఎత్తు!

2022 నవంబరు 22. జర్మనీలోని మాంచింగ్ పట్టణం. అర్ధరాత్రి దాటింది. ఉన్నట్టుండి ఊళ్లో వేల ఇళ్లకు ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. ఎవరో కేబుళ్లు కోసేశారు. కాసేపటికి, 1.26కి, అక్కడి మ్యూజియం తలుపు తెరుచుకుంది. 1.35కల్లా దొంగలు పని ముగించి వెళ్లిపోయారు. అలారం లేక కాదు. అది పంపే కబురు బయటికి చేరే దారే లేదు!

ఆ తొమ్మిది నిమిషాల్లో మాయమైనవి 483 బంగారు నాణేలు. రెండువేల ఏళ్లకు పైబడిన కెల్టుల కాలం నాటివి. 1999 తవ్వకాల్లో బయటపడ్డాయి. 2023 జులైలో నిందితులు పట్టుబడ్డారు. ఒకరి దగ్గర 18 బంగారు ముద్దలు దొరికాయి. నాలుగేసి నాణేలు కరిగించి ఒక్కో ముద్ద చేసినట్టు తేలింది. 2025లో కోర్టు జైలుశిక్షలూ వేసింది. ముద్దలు మళ్లీ నాణేలవుతాయా?

దొంగకు తెలిసింది తూకమే

బెర్లిన్‌లోని బోడె మ్యూజియంలోనూ ఇదే కథ. అక్కడ 100 కిలోల కెనడా బంగారు నాణెం ఉండేది. 2017 మార్చిలో దొంగలు నిచ్చెనేసుకుని కిటికీలోంచి దూరారు. నాణేన్ని చక్రాలబండిలో వేసుకుని ఉడాయించారు. వాళ్లకు సాయపడింది ఎవరనుకున్నారు? ఆ మ్యూజియం కాపలాదారే! 2020లో అతనితో సహా ముగ్గురికి శిక్ష పడింది. నాణెం మాత్రం దొరకలేదు. ముక్కలు చేసి అమ్మేసి ఉంటారన్నది పోలీసుల అనుమానం.

మ్యూజియాల సంగతే ఇలా ఉంటే, బీరువాలో తాతగారి వెండి రూపాయలు దాచుకున్నవాళ్ల మాటేమిటి? చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి ఇంటివాళ్లకు జ్ఞాపకం. దొంగకు మాత్రం అది కొన్ని గ్రాముల వెండి. మూసలో పడితే రెండూ ఒకటే.

పద్నాలుగేళ్లకు దొరికిన డాలరు

అన్ని కథలూ విషాదాంతాలు కావు. 1967 అక్టోబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో విల్లిస్ డ్యూపాంట్ ఇంట్లో ముసుగు దొంగలు పడ్డారు. వేల నాణేలు ఎత్తుకెళ్లారు. వాటిలో 1804 వెండి డాలర్లు రెండు. అలాంటివి ప్రపంచం మొత్తమ్మీద రెండు పదులైనా లేవు. వాటిలో ఒక్కో డాలరు ఎవరి చేతులు మారిందో, దాని మీద ఏ మచ్చ ఎక్కడుందో నాణేల నిపుణులకు కంఠతా వచ్చు. అలాంటిదాన్ని అమ్మడమెలా? ఒకటి 1981లో, రెండోది 1982లో దొరికాయి. తాళాలు కాపాడలేనివాటిని రికార్డులు వెనక్కి తెచ్చాయి.

చిట్టా ఎలా రాయాలి?

మన దగ్గరా ఆ పని చేయొచ్చు. ప్రతి నాణేనికీ ఓ నంబరివ్వాలి. బొమ్మ, బొరుసు, అంచు... మూడూ కనిపించేలా దగ్గరగా ఫొటోలు తీయాలి. తూకం, అడ్డుకొలత, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో రాయాలి. బిల్లు జతచేయాలి.

శాతవాహనుల కాలం నాటి నాణేలు చేత్తో ముద్రించినవి. ముద్ర ఒకదానిలో పక్కకు జరుగుతుంది, మరొకదానిలో సగమే పడుతుంది. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. కాబట్టి ఫొటోయే వాటి వేలిముద్ర! యంత్రంపై ముద్రించిన రూపాయలన్నీ ఒకేలా ఉంటాయి. వాటికి గీతలు, నొక్కులే గుర్తులు. అవీ చిట్టాకెక్కాలి. దీని నకలు ఒకటి నమ్మకస్తులైన బంధువుల ఇంట్లో ఉంచాలి. బీరువాతోపాటు చిట్టా కూడా పోతే లాభమేముంది?

లాకరుంది కదా అనుకుంటే...

విలువైనవి బ్యాంకు లాకర్లో పెట్టడం మంచిదే. కానీ రిజర్వు బ్యాంకు 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసంలాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 3 వేలైతే 3 లక్షలన్నమాట. లాకర్లో ఏముందో బ్యాంకుకు తెలియదు, వాటికి బీమా కూడా చేయించదు. ఖరీదైన సేకరణకు విడిగా బీమా చూసుకోవాల్సిందే. అప్పుడూ బీమా కంపెనీ అడిగేది ఆ చిట్టానే.

అన్నింటికన్నా పెద్ద తాళం నోటికి వేసుకోవాలి. ఏముందో, ఎక్కడుందో ఊరందరికీ చెప్పొద్దు. ప్రదర్శన నుంచి వచ్చేటప్పుడు నాణేల పెట్టెను కార్లో వదిలి టీ తాగడానికి దిగొద్దు. దొంగతనం జరిగితే అదేరోజు పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫొటోలను ఊళ్లోని నాణేల వ్యాపారులకు, వెండి బంగారం దుకాణాలకు పంపాలి. నాణెం మూసకు చేరేలోపు ఫొటో దుకాణానికి చేరాలి.

ఈ ఆదివారం తీరిగ్గా ఆ డబ్బా తెరవండి. ముందు ఒక్క నాణేన్ని తూచి, ఫొటో తీసి, నంబరివ్వండి. మిగతావి వచ్చేవారం!