ఇచ్చింది గోరంత... అందింది కొండంత!

వాట్సాప్‌లో తిరిగే ఓ కథ మీకూ వచ్చే ఉంటుంది. ఊబిలో కూరుకుపోతున్న కుర్రాణ్ని ఓ పేద రైతు కాపాడాడట. కుర్రాడి తండ్రి కృతజ్ఞతగా ఆ రైతు కొడుకును చదివించాడట. ఆ కుర్రాడు చర్చిల్, ఆ రైతు కొడుకు పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ అట! చదవడానికి బాగానే ఉంటుంది కానీ, అది ఉత్త కట్టుకథ అని ఫ్లెమింగే తేల్చేశారు. అయినా మంచితనం గురించి చెప్పుకోవడానికి మనకు కట్టుకథలెందుకు? నిజంగా జరిగినవే బోలెడున్నాయి. వాటిలో కొన్ని ఇవి. చేసినవారికి అవి చిన్న పనులే. అందుకున్నవారికి మాత్రం అవే బతుకు మలుపులు.

నెల్లూరు కలెక్టర్ ఇచ్చిన పాతిక రూపాయలు

1910 చివర్లో నెల్లూరు కలెక్టర్ ఆర్.రామచంద్రరావు దగ్గరికి ఓ యువకుడు వచ్చాడు. పొట్టిగా, కాస్త లావుగా ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. చంకలో నలిగిపోయిన నోటు పుస్తకం. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. పుస్తకం తెరిచి అందులోని లెక్కలు వివరించడం మొదలుపెట్టాడు. గణితం బాగా తెలిసిన కలెక్టరుకి కూడా అవి మొదట కొరుకుడు పడలేదు. అయినా విసుక్కోకుండా మళ్లీ రమ్మన్నారు, మళ్లీ విన్నారు. ‘నీకేం కావాలి?’ అని చివరికి అడిగితే ఆ యువకుడు ఉద్యోగం కావాలనలేదు, బిరుదూ కోరలేదు. తిండికి వెతుక్కోకుండా లెక్కలు చేసుకునే తీరిక ఉంటే చాలన్నాడు.

రామచంద్రరావు నెలకు పాతిక రూపాయల చొప్పున తన సొంత డబ్బు ఇచ్చి ఆ తీరిక కల్పించారు. ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్. తర్వాత 1912లో ఆయన మద్రాసు పోర్ట్ ట్రస్టులో ముప్ఫై రూపాయల గుమాస్తాగా చేరారు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశారు. అంతకుముందు అక్కడి పెద్దలిద్దరి నుంచి ప్రోత్సాహం దొరకలేదు. హార్డీ మాత్రం పక్కన పడేయకుండా శ్రద్ధగా చదివారు. రామచంద్రరావు, హార్డీ ఇద్దరూ చేసింది ఒకటే. అర్థం కాని మనిషికి కాస్త సమయం ఇచ్చారు. అయిదేళ్లకి, 1918లో, రామానుజన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

పార్కులో కనిపించిన కుర్రాడు

బొంబాయిలో చర్నీరోడ్డు దగ్గరి తోటలో రోజూ ఒక విద్యార్థి కూర్చుని చదువుకోవడం కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడి కంట పడింది. ఆయన వెళ్లి పలకరించి, చదవమని పుస్తకాలు ఇవ్వసాగారు. 1907లో ఆ కుర్రాడు మెట్రిక్ పాసయ్యాడు. ఆ కుర్రాడి కులంలో అది అరుదైన విజయం. బస్తీవాళ్లు సభ పెట్టి అభినందిస్తే, కేలుస్కర్ తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను కానుకగా ఇచ్చారు. తర్వాత చదువు సాగించే స్థోమత లేకపోతే బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లి ఉపకార వేతనం ఇప్పించారు. అదీ నెలకు పాతిక రూపాయలే!

ఆ కుర్రాడు డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్. ఆయన 1956లో నాగపూరులో లక్షలమందితో కలిసి బౌద్ధం స్వీకరించారు. ఆ దారిలో తొలి అడుగు ఎక్కడ పడిందో తలచుకుంటూ, కేలుస్కర్ ఇచ్చిన పుస్తకం గురించి స్వయంగా రాశారు. సభలో చేతికందిన ఒక పుస్తకం దాదాపు యాభై ఏళ్లపాటు ఆయన ఆలోచనల్లో నిలిచి ఉందన్నమాట.

వారం ఇచ్చిన అమ్మలు

ఇప్పటి పిల్లలకు తెలియని మాట ‘వారాలు’. పట్నానికి చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లాడికి ఆదివారం ఒక ఇంట్లో భోజనం, సోమవారం మరో ఇంట్లో. ఇలా ఏడు ఇళ్లు వంతులేసుకుని అన్నం పెట్టేవి. దాన్నే వారం ఇవ్వడం అనేవారు. హాస్టళ్లు లేని రోజుల్లో తెలుగునాట ఎందరో ఈ వారాల భోజనంతోనే పట్టా పుచ్చుకున్నారు. వారం దొరకనివాళ్లకు మధూకరం దిక్కు. జోలె కట్టుకుని ఇంటింటికీ వెళితే తలా ఒక ముద్ద పెట్టేవారు.

అలా జోలె కట్టినవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావు ఒకరు. తండ్రి పోయాక సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. అక్కడ చేయని దొంగతనం మీద పడి నిలువ నీడ కరువైన వేళ సంగీత గురువు పట్రాయని సీతారామశాస్త్రి ఆదుకున్నారు. ఆయనదీ కలిగిన కుటుంబం కాదు. అయినా శిష్యుణ్ని ఇంట్లో పెట్టుకుని, రూపాయి తీసుకోకుండా విద్య నేర్పారు. ఇవాళ తెల్లవారుజామున ఏ ఊళ్లో ఘంటసాల గొంతు వినిపించినా, అందులో ఆ గురువుగారి ఔదార్యం ఉంది. విజయనగరం వీధుల్లో ముద్ద పెట్టిన, పేరు తెలియని ఇల్లాళ్ల పుణ్యమూ ఉంది.

రాజుగారు పిలిచినా వెళ్లని అన్నపూర్ణ

కోనసీమ గోదావరి పాయల నడుమ ఉంటుంది. వంతెనలు లేని కాలంలో బాటసారులు ఏ వేళకు రేవు దాటుతారో తెలిసేది కాదు. అందుకే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఇంట పొయ్యి ఆరేది కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా కులం అడగకుండా విస్తరి వేసేవారు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకు ప్రభుత్వం పిలిచినా ఆవిడ వెళ్లలేదు. ఆకలితో వచ్చినవాళ్లు వెనుదిరిగి పోతారేమోనని ఆవిడ బెంగ! వైనతేయ గోదావరి మీది అక్విడక్టుకు ఆవిడ పేరు పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకమూ ఆవిడ పేరుతోనే నడుస్తోంది.

నెహ్రూను ఆపిన అమ్మాయి

1923, కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర కాపలా ఉన్న పద్నాలుగేళ్ల వాలంటీరు, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి మందలిస్తే, మీరు చెప్పిన పనే చేశానంది. చివరికి టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, ధైర్యంగా విధి నిర్వర్తించావని మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే దుర్గాబాయి. తర్వాత న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు అయ్యారు. 1953లో సి.డి.దేశ్‌ముఖ్‌తో ఆమె పెళ్లికి సాక్షి సంతకం చేసినవారిలో నెహ్రూ ఒకరు. కాకినాడలో ఆ రోజు నెహ్రూ పెద్దరికం చూపించి కసురుకుని ఉంటే? పిల్లల ధైర్యం నిలబడేదీ నీరుగారేదీ ఇలాంటి క్షణాల్లోనే.

గురువు వంగిన వేళ

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంటే తెలుగు కవిలోకానికి పెద్ద దిక్కు. గుర్రం జాషువా అంటరానితనపు అవమానాలు దిగమింగుతూ కవిత్వం రాసిన మహాకవి. అటువంటి జాషువా కాలికి చెళ్లపిళ్ల స్వయంగా గండపెండేరం తొడిగారు. ఆ పాదాన్ని తాకి తన జన్మ ధన్యమైందని నిండు సభలో చెప్పారు. అంటుకోరాదని ఊరు వెలేసిన మనిషి పాదాన్ని పండితుడు ముట్టుకోవడం ఎన్ని ఉపన్యాసాలకు సమానమో ఆలోచించండి.

రంగూన్ డబ్బు, భీమవరం బిడ్డ

మల్లాడి సత్యలింగం నాయకర్ రంగూన్ వెళ్లి సంపాదించిన ఆస్తిని కాకినాడలో ధర్మకార్యాలకు రాసిచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పై చదువులకు అమెరికా వెళ్లేందుకు ఆ ధర్మనిధి సాయపడింది. ఆయన నేతృత్వంలోని పరిశోధనల నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, మెథోట్రెక్సేట్ మందు వచ్చాయి. ఇవాళ గర్భిణులకు ఇచ్చే మాత్రలోనూ, క్యాన్సర్, కీళ్లవాతం వైద్యంలోనూ అవి ఉన్నాయి. దానం రాసిన చేతికి ఈ మందుల పేర్లు కూడా తెలియవు.

మూడు కిలోలు... మూడు వందల గ్రాములు

హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలలో అబ్దుల్ కలాం పనిచేస్తున్న రోజులు. నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అక్కడి తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి ఆశ్చర్యపోయారు. కలాంను ఆసుపత్రికి తీసుకెళ్లి తన రోగులను చూపించారు. పోలియో సోకిన చిన్నారులు. ఒక్కొక్కటి మూడు కిలోలకు పైగా బరువుండే ఇనుప కాలిపర్లు తగిలించుకుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వీళ్ల బాధ తీర్చండని అడిగారు డాక్టరు. మూడు వారాల్లో ‘అగ్ని’ క్షిపణి పదార్థంతో మూడు వందల గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. అవి తొడుక్కున్న పిల్లలు అటూ ఇటూ పరుగులు తీస్తుంటే తల్లిదండ్రులు నమ్మలేక కంటతడి పెట్టారు. రాకెట్లూ క్షిపణులూ ఎగరేసిన కలాం, తన జీవితంలోని పరమానందాల్లో దీన్నీ చెప్పుకునేవారు.

170 డాలర్లు... 170 ఏళ్ల జ్ఞాపకం

అమెరికాలోని చొక్టా ఆదివాసులను 1830లలో సొంత నేల నుంచి వెళ్లగొట్టారు. దారిలో చలికీ ఆకలికీ వేలమంది చనిపోయారు. ఆ గాయం మానకముందే, 1847లో, ఐర్లండులో కరవుతో జనం అల్లాడుతున్నారని విని వాళ్లు 170 డాలర్లు పోగుచేసి పంపారు. తాము చూడని దేశానికి! ఐరిష్ ప్రజలు ఏరు దాటి తెప్ప తగలేసే రకం కాదు. 2017లో మిడిల్టన్ పట్టణంలో తొమ్మిది ఉక్కు ఈకలతో, అన్నం గిన్నె ఆకారంలో స్మారకం నిలిపారు. చొక్టా విద్యార్థులు తమ దేశంలో చదువుకునేలా స్కాలర్‌షిప్ పెట్టారు. 2020లో కరోనా వేళ నవాహో, హోపీ ఆదివాసులు అవస్థ పడుతుంటే ఐర్లండు నుంచి విరాళాలు వెల్లువెత్తాయి. ఈసారి అప్పు తీర్చింది చొక్టాల వారసులకు కాదు, వాళ్లలాగే కష్టంలో ఉన్న వేరే తెగలకు. కృతజ్ఞత అలా చేతులు మారుతూ పోతుంది.

95 ఏళ్ల తర్వాత వచ్చిన విమానం

1890 సెప్టెంబరులో ‘ఎర్తుగ్రుల్’ అనే టర్కీ నౌక జపాన్ తీరంలో తుపానుకు బద్దలైంది. అయిదు వందలమందికి పైగా మరణించారు. ఒడ్డుకు చేరిన 69 మందిని పల్లెవాసులు ఇళ్లకు మోసుకెళ్లి, ఉన్న బట్టలిచ్చి, దాచుకున్న గింజలూ దుంపలూ వండిపెట్టారు. 1985లో ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఆకాశంలో కనిపించిన విమానాన్నల్లా కూల్చేస్తామని ఇరాక్ హెచ్చరించింది. టెహ్రాన్‌లో చిక్కుకున్న జపనీయులకు సొంత దేశపు విమానం రాలేదు. అప్పుడు టర్కీ రెండు విమానాలు పంపి రెండు వందలమందికి పైగా జపనీయులను బయటపడేసింది. ఆనాటి మేలు తాము మరిచిపోలేదన్నారు టర్కీవాళ్లు.

సూదికి భయపడే దాత

ఆస్ట్రేలియా కుర్రాడు జేమ్స్ హారిసన్‌కు పద్నాలుగో ఏట ఛాతీకి పెద్ద ఆపరేషన్ జరిగింది. ముఖమెరుగని ఎందరో ఇచ్చిన రక్తంతో బతికాడు. నేనూ ఇస్తానని మాట ఇచ్చి, పద్దెనిమిది నిండగానే మొదలుపెట్టాడు. ఆయన రక్తంలో అరుదైన యాంటీబాడీ ఉందని తేలింది. తల్లి రక్తంతో పొసగక కడుపులోనే ప్రమాదంలో పడే బిడ్డలను కాపాడే యాంటీ-డి ఇంజెక్షన్‌కు అదే ముడిసరుకు. 2018లో వయోపరిమితి వచ్చేదాకా 1,173 సార్లు దానం చేశారు. 24 లక్షలమంది శిశువులకు మేలు జరిగిందని అంచనా. సూది అంటే ఆయనకు భయం. గుచ్చేటప్పుడు ఒక్కసారీ అటు చూడలేదు. భయపడుతూనే చేసిన ఆ మంచి 2025లో ఆయన కన్నుమూసేదాకా ఆస్ట్రేలియా నోట నానుతూనే ఉంది.

ఓ చిన్న ఉత్తరం

శాన్‌ఫ్రాన్సిస్కో మనోవైద్యుడు జెరోమ్ మోటో ఓ ప్రయత్నం చేశారు. తీవ్ర నిరాశతో ఆసుపత్రిలో చేరి, ఇంటికెళ్లాక చికిత్స వద్దన్నవారు 843 మంది. వాళ్లలో దాదాపు సగంమందికి అప్పుడప్పుడూ చిన్న ఉత్తరాలు పంపారు. ‘మీరు బాగున్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి’ అన్నంత క్లుప్తంగా ఉండేవి అవి. సలహాలు లేవు, షరతుల్లేవు. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్నవారిలో ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువ. మనల్ని తలుచుకునేవారు ఒకరున్నారన్న నమ్మకం ఊపిరి నిలబెట్టింది. కుంగిపోయినవాళ్లకు వైద్యం తప్పనిసరి. దాంతోపాటు ‘ఎలా ఉన్నావురా?’ అన్న పలకరింపూ కావాలి.

మన అంచనా ఎప్పుడూ తక్కువే!

ఇంత మేలు జరుగుతుంటే మనమెందుకు వెనకాడతాం? అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు దీని మీదే పనిచేశారు. 2018లో వెలువడిన అధ్యయనంలో కొందరిచేత తమకు మేలు చేసినవారికి కృతజ్ఞతా లేఖలు రాయించారు. రాసినవాళ్లేమో చదివేవారు ఇబ్బందిపడతారని ఎక్కువగా, సంతోషిస్తారని తక్కువగా ఊహించారు. జరిగింది దానికి భిన్నం. తర్వాత చికాగోలో చలికాలం స్కేటింగ్ మైదానం దగ్గర ముక్కూమొహం తెలియనివారికి వేడి చాక్లెట్ పానీయం ఇప్పించారు. అక్కడా అంతే. ‘ఒక్క కప్పేగా’ అనుకున్నారు ఇచ్చినవారు. తీసుకున్నవారికి మాత్రం ఒకరు తమకోసం ఆగారన్న సంగతే గొప్పగా తోచింది.

ఇక మన వంతు

మనలో ప్రతి ఒక్కరి వెనకా ఒక రామచంద్రరావు, ఒక కేలుస్కర్, వారం ఇచ్చిన ఒక అమ్మ ఉంటారు. ఫీజు కట్టే రోజు జేబులో డబ్బు కుక్కిన మేనమామ కావచ్చు, ఫెయిలైనప్పుడు భుజం తట్టిన లెక్కల మాస్టారు కావచ్చు, బాలింత ఇంటికి అడగకుండానే క్యారేజీ పంపిన పక్కింటి పిన్నిగారు కావచ్చు. వాళ్లకు మీరు బాగున్నారని తెలుసు. మీరు బాగుండటంలో తమ చెయ్యి ఉందని తెలియకపోవచ్చు. ఫోన్ తీసి, ఫలానా రోజు మీరు చేసిన ఫలానా పని నన్ను నిలబెట్టిందని చెప్పండి. మాటలు కుదరకపోతే పోస్టుకార్డు రాయండి.

మనకు మంచి మాటలన్నీ సంతాప సభలకు అట్టిపెట్టుకోవడం అలవాటైపోయింది. వాటిలో ఒక్కటైనా ఆ మనిషి బతికుండగా చెవినపడాలి. ఈ ఆదివారమే చెప్పేయండి. రేపు మీ ముందు తడబడుతూ నిలబడే కుర్రాడెవరైనా ఉంటే, వాడి నోటు పుస్తకం తెరిపించి ఓ పది నిమిషాలు ఓపిగ్గా వినండి.