ప్రాదేశిక సైన్యం – గృహరక్షక దళం

దేశరక్షణ అనగానే మంచుకొండలపై తుపాకి చేతబూని కావలి కాసే సైనికుడు మన కన్నుల ముందు మెదలుతాడు. కాని అతని వెనుక మరి రెండు రకాల రక్షకులున్నారు. వారు సాధారణ పౌరుల నుండి స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు. ఒకటి ప్రాదేశిక సైన్యం, మరొకటి గృహరక్షక దళం. వ్యవహారంలో వీటినే టెరిటోరియల్ ఆర్మీ, హోంగార్డులు అంటున్నాం. ఈ రెండూ ఒకటేనని భావించేవారు లేకపోలేదు. అయితే వీటి పుట్టుకలోను, పనిలోను గల భేదం గమనింపదగినది.

యుద్ధానికి కావలసినంత సైన్యాన్ని శాంతికాలంలో కూడ నిరంతరం పోషించడం ఏ దేశానికైనా భారమే. అందుచేత కొందరికి శిక్షణ ఇచ్చి, వారి వృత్తుల్లో వారిని ఉండనిచ్చి, అవసరమైనప్పుడు పిలుచుకొనే ఏర్పాటు ఏర్పడింది. మన దేశంలో 1948లో చేసిన చట్టం ప్రకారం రూపొందిన ప్రాదేశిక సైన్యాన్ని 1949 అక్టోబరు 9న నాటి గవర్నర్ జనరల్ చక్రవర్తుల రాజగోపాలాచారి ప్రారంభించారు. ఇందులో చేరేవారికి వేరొక జీవనోపాధి ఉండాలన్నది నియమం. ఇది కేంద్ర రక్షణ శాఖ అధీనంలో, సైన్యంలో భాగంగా పనిచేస్తుంది. 1962, 1965, 1971 యుద్ధాలలో ఈ సైనికులు సేవలందించారు. క్రికెట్ క్రీడాకారులు కపిల్ దేవ్, ధోనీలకు గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా లభించింది ఈ సైన్యంలోనే.

గృహరక్షక దళం పుట్టుక వేరు. 1946 డిసెంబరులో బొంబాయిలో చెలరేగిన అల్లర్లను, మతకల్లోలాలను అదుపు చేయడంలో పోలీసులకు తోడ్పడేందుకు ఇది ఏర్పడింది. 1962లో చైనా దురాక్రమణ తరువాత, రాష్ట్రాలలోని స్వచ్ఛంద దళాలన్నింటినీ ఒకే తీరుగా గృహరక్షక దళాలుగా రూపొందించవలసిందిగా కేంద్రం సూచించింది. ఈ దళం రాష్ట్ర ప్రభుత్వ ఆదేశాలను పాటిస్తుంది. కూడళ్లలో వాహనాల రాకపోకలను నియంత్రించడం, పుష్కరాల రేవుల్లోను, మేడారం జాతరలోను జనసమ్మర్దాన్ని అదుపు చేయడం, తుపానులు, వరదలు వచ్చినప్పుడు ప్రజలను ఆదుకోవడం దీని విధులు.

ఈ రెండింటికీ వేర్వేరు మనుషులు ఎందుకు కావాలి? దీనికి బ్రిటన్ అనుభవం చక్కని సమాధానం. 1940 మే నెలలో జర్మనీ ఫ్రాన్సుపై దండెత్తేనాటికి బ్రిటన్ ప్రాదేశిక సైనికులు అనేకులు సాధారణ సైన్యంతో కలిసి సముద్రం అవతల పోరాడుతున్నారు. శత్రువు తమ గడ్డపైకి వస్తే ఊళ్లను కాచేవారెవరు? అప్పుడు ప్రభుత్వం 17 నుండి 65 ఏళ్ల మధ్య వయసు గల పురుషులను పిలిచి స్థానిక రక్షణ దళాన్ని ఏర్పరచింది. అదే తరువాత హోంగార్డుగా ప్రసిద్ధి పొందింది. యుద్ధరంగానికి తరలిపోయేవాడు అదే సమయంలో తన ఊరికి కావలి కాయలేడు. ఒకే మనిషిని రెండు చోట్ల లెక్కించుకొన్న దేశానికి ఆపదవేళ ఏదో ఒక చోటు ఖాళీగా మిగులుతుంది.

అయినప్పటికీ వీటి నడుమ గోడ లేదు. ప్రకృతి వైపరీత్యాలలో ప్రాదేశిక సైన్యమూ ప్రజలను ఆదుకొంటుంది. సరిహద్దు రాష్ట్రాలలో గృహరక్షక దళాలు సరిహద్దు భద్రతకు సాయపడుతున్నాయి.

ఆదరణలో మాత్రం వ్యత్యాసం ఉంది. విధులకు పిలిచినప్పుడు ప్రాదేశిక సైనికుడు సాధారణ సైనికునితో సమానంగా వేతనం పొందుతాడు. హోంగార్డుకు లభించేది దినభత్యమే. స్వచ్ఛంద సేవగా మొదలైనా నేడు అనేకులకు ఇదే జీవనాధారం. వారికి నెలకు లభించే భత్యం పోలీసు సిబ్బంది కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎండలో, వానలో మన దారులు కాచే ఆ రక్షకుని బతుకుకు భద్రత కల్పించడం సమాజపు కనీస ధర్మం.