కాలింగు సోదరుల పశువంశము

ఆబోతు తల్లిదండ్రులెవరని యడిగినచో మన గ్రామములందలి వృద్ధులు నోటిలెక్కగా చెప్పుదురు. వారు గతించినతోడనే యా లెక్కయు గతించును. వంశశుద్ధిని పాటించి జాతిని నిలిపిన యొక రైతుకుటుంబపు చరిత్రమును, అందలి మేలును కీడును, సంఘసభ్యులకు విన్నవింపగోరుచున్నాము.

ఇంగ్లండు ఉత్తరభాగమున డర్హాము మండలమందు డార్లింగ్టను పట్టణము గలదు. దానికి చేరువను 1780 ప్రాంతముల చార్లెసు కాలింగు కెట్టను గ్రామమునందును, అతని యన్న రాబర్టు బార్మ్‌టనునందును సేద్యము చేయుచుండిరి. చార్లెసు భార్య మేరీయు మంద విషయమున మిక్కిలి శ్రద్ధ వహించెడిది. చార్లెసు డిష్లీ గ్రామమునకు బోయి, పశుపోషకులలో ప్రసిద్ధుడైన రాబర్టు బేక్‌వెల్లును దర్శించెను. సద్గుణములు గల దగ్గర రక్తసంబంధపు పశువులను కలిపి యా గుణములను స్థిరపరచు పద్ధతి యాతనిదే.

ఆ పద్ధతిని సోదరులు పొట్టికొమ్ముల జాతియం దవలంబించిరి. కెట్టనులో ఫీనిక్సు అను నావునకు ఫేవరెటు అను ఆబోతు పుట్టెను. దాని నా తల్లికే కట్టింపగా యంగు ఫీనిక్సు అను పెయ్య కలిగెను. ఆ పెయ్యకు మరల ఫేవరెటువలననే 1804లో కామెటు అను కోడెదూడ పుట్టెను. ఫేవరెటు సంతానమే యైన మరియొక యెద్దును 1801 మొదలు 1807 వరకు బండిలో నెక్కించి దేశమంతయు త్రిప్పి ప్రదర్శించిరి.

1810 అక్టోబరులో చార్లెసు తన మందను వేలము వేసెను. 47 పశువులకు ఏడువేల పౌనులకు పైగా వచ్చెను. కామెటు ఒక్కటియే వేయి గినియాలు పలికెను. దానిని కొన్నది ఒక ధనికుడు కాదు. నలుగురు పశుపోషకులు కలిసి కొనిరి. ఒక్కనికి మించిన పని నలుగురికి సాధ్యమగునని సహకారులమైన మనకు వేరుగ చెప్పనేల? మంద చెదరినను వంశము చెదరలేదు. జార్జి కోట్సు అనునతడు రైతులనుండి వివరములు సేకరించి 1822లో ఆ జాతి వంశావళిగ్రంథమును ప్రకటించెను.

ఇక కీడును వినుడు. థామసు బేట్సు 1804లో చార్లెసునొద్ద డచెస్సు అను నావును కొని, ఆ పరంపరను వృద్ధిచేసెను. అతని యనంతరము దాని పేరునకే వెల పెరిగెను. 1873లో అమెరికా దేశమున నా వంశపు టావొకటి 40,600 డాలర్లు పలికెను. కాని దగ్గరచుట్టరికపు కలయికలు మితిమీరుటచే ఆవులు గొడ్డువోయి, తుద కా పరంపరయే యంతరించెను. దగ్గర రక్తము కలిసినప్పుడు గుణములతోపాటు దాగియున్న దోషములును రెండువైపులనుండి కూడుకొని బయల్పడును. వంశావళి వ్రాసిరి గాని, చూలు నిలిచినదా యని చూచుట మరచిరి.

కావున సంఘపు ఆబోతునకు పుస్తకము పెట్టుడు. దాని తల్లిదండ్రులను, కట్టించిన ఆవును, తేదీని, ఈనిన దూడను, పాలకొలతను, చూలు నిలువనిచో నదియును వ్రాయుడు. దాని పెయ్యలు ఎదకు రాకమునుపే ఆబోతును పొరుగు సంఘముతో మార్చుకొనుడు. పేరు చూచి పశువును మెచ్చుకొనక, దూడను చూచి పేరును మెచ్చుకొనుడని మా మనవి.