తెర తన పేరు చెప్పుకునే 128 బైట్లు

“సార్, తీగ పెట్టంగనే ఆ స్క్రీన్ ఎంత పెద్దగున్నదో లాప్‌టాప్‌కి ఎట్ల తెల్సింది?” తిమ్మాజిపేటలో పాఠం మధ్యలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. క్లాసులో ప్రొజెక్టర్, స్టాఫ్‌రూమ్‌లో మానిటర్, ఇంటికెళ్తే ఒట్టి లాప్‌టాప్. రోజూ పెట్టి తీసే తీగే అయినా, జవాబు చెప్పాలంటే దాని లోపలికి వెళ్లాల్సిందే.

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ సాకెట్‌కి 15 పిన్నులు. వాటిలో కొన్నిటిని మానిటర్ గ్రౌండుకి కలిపిందా, వదిలేసిందా అన్నదాన్ని బట్టి ఎదురుగా ఉన్నది రంగుల తెరో, నలుపు తెలుపు తెరో కంప్యూటర్ పోల్చుకునేది. అంతకు మించి తెలిసేది కాదు. 1994లో వెసా అనే సంస్థ ఆ పిన్నుల్లోనే రెండింటికి కొత్త పని అప్పజెప్పింది: ఒకదాని మీద క్లాక్, ఇంకోదాని మీద డేటా. మానిటర్‌లో ఒక చిన్న మెమరీ చిప్, అందులో 128 బైట్లు. పేరు ఈడీఐడీ.

నాకు ఎంతో ఇష్టమైన పొదుపు ఇందులో ఉంది. మొదట గుర్తు: ఒక సున్నా, ఆరు 255లు, మళ్లీ సున్నా. తర్వాత రెండే బైట్లలో కంపెనీ పేరు మూడక్షరాల్లో. అక్షరానికి 5 బిట్లు చాలు, 15 బిట్లలో సరి. ఎల్‌జీ తెరలు ఇప్పటికీ ‘జీఎస్ఎమ్’ అనే చెప్పుకుంటాయి. అది గోల్డ్‌స్టార్ నాటి కోడ్. తయారైన ఏడాదిలోంచి 1990 తీసేసి రాస్తారు, 2019 అయితే 29. తెర వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో. చివరి బైటుని మాత్రం మొత్తం 128 కలిపితే 256తో నిశ్శేషంగా భాగించబడేలా ఎంచుతారు. దారిలో ఒక్క బిట్ తారుమారైనా లెక్క తప్పుతుంది, కంప్యూటర్ పట్టేస్తుంది. పైగా ఈ చిప్‌కి కావాల్సిన 5 వోల్టులు కంప్యూటరే తీగలో పంపగలదు. అందుకే కరెంటు లేని మానిటర్ కూడా చాలాసార్లు తన వివరాలు చెప్పగలదు.

మరి తీగ పెట్టిన క్షణం ఎలా తెలుస్తుంది? వీజీఏలో అందుకోసం తీగే లేదు. లైనక్స్ లాంటివి అలాంటి సాకెట్లని పది సెకన్లకోసారి తడిమి చూస్తాయి. హెచ్‌డీఎంఐలో ఆ బాధ తీరింది. 18వ పిన్ను మీద కంప్యూటర్ 5 వోల్టులు పంపుతుంది. మానిటర్ దాన్నే ఒక రెసిస్టర్ గుండా 19వ పిన్ను మీద వెనక్కి తిప్పుతుంది. గేటు దగ్గర పిలిస్తే లోపల్నుంచి పలికినట్టు. పలుకు రాగానే 128 బైట్లు చదవడం మొదలు, ఆగిపోగానే తెర పోయినట్టు లెక్క.

తరచూ పెట్టి తీసేవాళ్లకి వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడివే. డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం సాకెట్‌లోనూ ఇలాంటి పలుకే ఉంటుంది. దాంతో కలిపిన కొన్ని మానిటర్లు నిద్రలోకి జారగానే ఆ పలుకుని కూడా ఆపేస్తాయి. తీగ కదలకపోయినా కంప్యూటర్ తెర పీకేశారనుకుని, విండోలన్నిటినీ లాప్‌టాప్ మీద కుప్ప పోస్తుంది. విండోస్ 11లో విండోల చోటు గుర్తుపెట్టుకునే సెట్టింగ్ వచ్చాక ఈ గొడవ తగ్గింది. లైనక్స్‌లో తెరల అమరికని చూసుకునే ర్యాండ్‌ఆర్ 1.2 2007లో వచ్చాక, నడుస్తుండగానే తెరలు కలపడం, విడదీయడం సులువైంది. ఆటోర్యాండ్‌ఆర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఇంకో అడుగు వేసింది: ఏ ఈడీఐడీలు కనిపిస్తున్నాయో చూసి ఇది బడి, ఇది ఇల్లు అని పోల్చుకుని, పాత అమరికని తెచ్చి పెడుతుంది.

ఒకే మోడల్ తెరలు రెండు కలిపినప్పుడు మాత్రం ఈ తెలివి పనిచేయకపోవచ్చు. ఈడీఐడీలో సీరియల్ నంబరుకి నాలుగు బైట్లున్నాయి, కానీ కొందరు తయారీదారులు అక్కడ సున్నాలే వదిలేస్తారు. అప్పుడు కవలల్ని విడదీయడానికి మిగిలే ఆధారం సాకెట్ ఒక్కటే. తీగలు అటుదిటు పెడితే ఎడమ తెర కుడికి పోతుంది. నాలుగు బైట్లు నింపడానికి ఖర్చేమీ కాదు, తయారీదారులు ఆ పని చేసి తీరాలి. అందాకా ఒక తీగకి ఎర్ర టేపు చుట్టి, రోజూ అదే సాకెట్‌లో పెట్టడమే దారి.