విమానంలో సేవ ఆడవాళ్ల పనేనా?

మా హాస్టల్ మీదుగా విమానం పోతే అందరం తలెత్తి చూస్తాం. లోపల సేవ చేసేది 'ఎయిర్ హోస్టెస్' అనే అనుకుంటాం. నిజానికి 1912లో జర్మనీ జెప్పెలిన్ ఆకాశనౌకలో ఈ పని మొదట చేసిన హైన్రిక్ కుబిస్ మగవాడే. 1930లో అమెరికా నర్సు ఎలెన్ చర్చ్ తొలి మహిళగా చేరారు. క్రమంగా ఇది ఆడవాళ్ల పని అన్న ముద్ర పడింది.

మన ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు మగవారు 58 ఏళ్ల దాకా పనిచేస్తే, మహిళలు మామూలుగా 35కే దిగిపోవాల్సి వచ్చేది. తొలి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధన కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి కూడదన్న నిబంధనను మాత్రం ఉంచింది.

పొగ, మంటలు వస్తే ప్రయాణికులను బయటికి చేర్చడమే ఇందులో అసలు పని. దానికి కావలసింది శిక్షణ, ధైర్యం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 'ఇది మన పని కాదు' అని మనం ఎవరమూ ఆగిపోవద్దు.